చుక్క కదలని రోజులు: ఒంటరి కయాక్ యాత్రలో గాలి ఆగేదాకా ఆగడం గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వచ్చే జులైలో ఒక్కరే సీ కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి సముద్రపు పడవలో, కెనడా పశ్చిమ తీరాన పోర్ట్ హార్డీ నుంచి ప్రిన్స్ రూపర్ట్ దాకా వెళ్ళాలనుకుంటున్నారు. సెలవు 21 రోజులు. తిరుగు విమానం టికెట్ కొనేశారు. వాతావరణం బాగోక ఒడ్డున ఇరుక్కుపోతే ఆ రోజులు ఎలా గడపాలి, మళ్ళీ ఎప్పుడు బయల్దేరాలో ఎలా తెలుస్తుంది అని. రెండూ చెప్తాను గానీ ముందు ఆ టికెట్ సంగతి. మీ సామాన్ల జాబితా మొత్తం చదివాను. నీళ్ళు చొరని డ్రై సూట్ ఉంది, రెండో ప్యాడిల్ (తెడ్డు) ఉంది, పడవలవాళ్ళు వాడే వీహెచ్ఎఫ్ రేడియో ఉంది, ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లూ మీరున్న చోటూ పంపే ఇన్‌రీచ్ ఉంది. వాటన్నిటి పక్కనే ఆ టికెట్ కూడా ఉంది. మీతో తీసుకెళ్తున్న వాటిలో నాకు భయం వేసింది దాన్ని చూసే.

నా సంగతి రెండు ముక్కల్లో. విశాఖలో పెదజాలారిపేటకి నాలుగు వీధుల ఇవతల పెరిగాను, పదేళ్ళుగా వాంకోవర్‌లో ఉంటున్నాను. మీరు చెప్పిన దారిలో ఒక్కణ్ణే మూడుసార్లు బయల్దేరాను. రెండుసార్లు ప్రిన్స్ రూపర్ట్ చేరాను, ఒకసారి మధ్యలో బెల్లా బెల్లాలో ఫెర్రీ ఎక్కి ఇంటికొచ్చేశాను. ఆ మూడింటి డైరీలూ ముందేసుకుని లెక్క కడితే దాదాపు నాలుగు రోజులకి ఒక రోజు ఒడ్డునే కూర్చున్నాను.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఈ దారిలో ఫెర్రీ వెళ్ళేది 274 నాటికల్ మైళ్ళు, అంటే 500 కిలోమీటర్ల పైమాటే. సామాను నింపిన కయాక్‌తో ఒక్కరే రోజూ 27 కిలోమీటర్లు లాగితే, అదీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి తక్కువేం కాదు, 19 రోజులు పడుతుంది. మిగిలేది రెండు రోజులు. ఎంత మంచి జులై అయినా ఆ తీరం రెండు రోజులతో సరిపెట్టదు. నాలుగో రోజో ఐదో రోజో మీరు క్యాలెండర్ చూడటం మొదలుపెడతారు. అప్పట్నుంచి సముద్రాన్ని మీ కళ్ళతో కాదు, ఆ తేదీ కళ్ళతో చూస్తారు. 25 నాట్స్ గాలి (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) మీకు 18 లా కనిపిస్తుంది. ఇది మీ మీద అపనమ్మకంతో అంటున్న మాట కాదు, నాకు అలాగే కనిపించింది కాబట్టి అంటున్నాను.

ఆ కథ చెప్తాను, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకి జవాబు సగం అందులోనే ఉంది.

రెండో యాత్ర. పోర్ట్ హార్డీ నుంచి క్వీన్ షార్లెట్ స్ట్రెయిట్ దాటి బ్రామమ్ ద్వీపం మీద స్కల్ కోవ్ అనే చిన్న కయ్యలో టెంట్ వేశాను. అక్కడినుంచి ఉత్తరానికి కేప్ కాషన్ దాటాలి. ఈ మార్గానికి ఇన్‌సైడ్ ప్యాసేజ్, అంటే ద్వీపాల చాటున పోయే లోపలి దారి అని పేరేగానీ ఇక్కడ కొంత దూరం అడ్డంగా ఒక్క ద్వీపం కూడా ఉండదు, పసిఫిక్ నేరుగా వచ్చి తగుల్తుంది. 1792లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకోవర్ ఓడ డిస్కవరీ ఈ చుట్టుపక్కలే రాళ్ళ మీదికెక్కింది. మరుసటేడు మళ్ళీ వచ్చి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఈ కొమ్ముకి ఆయన పెట్టిన పేరే కాషన్, అంటే జాగ్రత్త. కాస్త ఉత్తరాన ఎగ్ ఐలాండ్ ఉంది. 1948 నవంబర్‌లో ఒక తుఫాను అక్కడి లైట్‌హౌస్‌నే సముద్రంలోకి ఊడ్చేసింది. ఇవన్నీ నాకు ముందే తెలుసు. అయినా ఏం చేశానో చూడండి.

నాలుగు రోజులు గాలి వాయువ్యం నుంచి ఆగకుండా కొట్టింది. ఐదో రోజు రేడియోలో వాయువ్యం 15 నుంచి 25 అన్నారు. నా బుర్ర అందులో 15 మాత్రమే విన్నది. అటుపక్క సోమవారానికి ఆఫీసులో ఉండాలి. వెళ్ళాలా వద్దా అని గంటన్నర కాలుగాలిన పిల్లిలా ఒడ్డున తిరిగి, ఆరున్నరకి బయల్దేరాను. ఆ గంటన్నరలో పాటు, అంటే పోటు నీళ్ళు వెనక్కి తీయడం, మొదలైంది. బ్రామమ్ ద్వీపం పైన స్లింగ్స్‌బీ చానల్ అని ఒకటుంది. దాని లోపల నక్వాక్టో అనే ఇరుకు దగ్గర ప్రవాహం 14 నాట్స్ దాకా పోతుంది, ప్రపంచంలోనే వేగమైనవాటిలో ఒకటంటారు. పాటు సమయంలో ఆ లోపలి నీళ్ళన్నీ ఆ నోటిలోంచి సముద్రంలోకి తోసుకొస్తాయి. బయటినుంచి వచ్చే అల, దాని మీద గాలి, ఎదురుగా ఈ ప్రవాహం. రెండూ కొట్టుకున్నచోట అల పొట్టిదవుతుంది, నిటారుగా లేస్తుంది. గోడలు గోడలుగా లేచి, ముందుకి కదలకుండా అక్కడే నిలబడి విరుగుతోంది. ముక్కు పైకి లేచి దబ్బున పడేది, మళ్ళీ లేచేలోపు నడుము దాకా తెల్లటి నురగ. పక్కన ఎవరూ లేరు. నీళ్ళు పదీ పన్నెండు డిగ్రీలు.

ఎలాగో దాటాను. దాటాక గాలి పెరిగింది, చేతుల్లో బలం తగ్గింది. బర్నెట్ బే అనే పొడవాటి ఇసుక తీరంలో దిగుదామని తిరిగితే అక్కడ అలలు విరిగే సర్ఫ్. ఒక అల వెనకనుంచి అడ్డంగా తిప్పేసి బోర్లా పడేసింది. ప్యాడిల్ విరిగింది, కయాక్‌ని తిన్నగా ఉంచే కింది రెక్క (స్కెగ్) ఇసుకతో బిగుసుకుపోయింది, సామాను పెట్టే వెనక అర (హాచ్) మూత నేను సరిగ్గా వెయ్యలేదేమో సగం బియ్యం ఉప్పునీళ్ళలో నానాయి. ఆ బీచ్‌లో ఇంకో మూడు రోజులు కూర్చున్నాను. సోమవారం ఎలాగూ పోయింది. నాలుగో రోజు తెల్లవారుజామున సముద్రం మా ఊరి చెరువులా ఉంది, కేప్ కాషన్ చుట్టూ తీరిగ్గా, ఒక చేత్తో అరటికాయ చిప్స్ తింటూ తిరిగాను. స్కల్ కోవ్‌లోనే కదలకుండా ఉండి ఉంటే అదే రోజు, ఒకటి రెండు గంటలు ఆలస్యంగా, విరగని ప్యాడిల్‌తో అక్కడికి వచ్చేవాణ్ణి. 'ఆలస్యం అమృతం విషం' అన్న పెద్దాయనెవరో గానీ సముద్రం మీదికి వెళ్ళలేదు.

ఇక వాతావరణం. తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక తికమక ఉంటుంది. మనకి తుఫానంటే అల్పపీడనం, వాయుగుండం, ముసురు, ఈదురుగాలి, రేవులో ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద సూచిక. ఆకాశమే ముందు చెప్పేస్తుంది. ఈ తీరంలో వేసవిలో ఎక్కువసార్లు ఆపేది ఎండే. పసిఫిక్ మీద పెద్ద అధికపీడనం తిష్ఠ వేస్తుంది, లోపలి భూమి వేడెక్కుతుంది, రెంటి మధ్యా వాయువ్య గాలి బిగుస్తుంది. నీలాకాశం, మంచి ఎండ, గాలి మాత్రం 30 నాట్స్. ఉత్తరానికి వెళ్ళే మీకు అది ముఖానికి కొట్టే ఎదురుగాలి. దీనికి ఒక దినచర్య ఉంటుంది, అదే మీ అదృష్టం. తెల్లవారుజామున మెత్తబడుతుంది, పది దాటాక లేస్తుంది, సాయంత్రం ముదురుతుంది, చీకటి పడ్డాక మెల్లగా దిగుతుంది. అందుకే అక్కడ నాలుగింటికి లేచి, ఐదున్నరకల్లా నీళ్ళ మీద ఉండి, పదిన్నరకి టెంట్ వేసుకునేవాళ్ళే ముందుకెళ్తారు. ఎనిమిదింటికి కాఫీ తాగి బయల్దేరేవాళ్ళు రోజూ గాలితో కుస్తీ పడతారు.

రెండోది మనకి తెలిసిన రకమే, అల్పపీడనం. ఆగ్నేయ గాలి, వాన, చలి. ఉత్తరానికి వెళ్తున్నారు కాబట్టి అది వెనకనుంచి తోస్తుంది, మోజు పుడుతుంది. పడకండి. వెనకనుంచి వచ్చే పెద్ద అల మీద నిండు కయాక్‌ని తిన్నగా ఉంచడం ఎదురుగాలి కన్నా కష్టం. దానికి తోడు ఈ రకంలో అసలు ఉచ్చు మధ్యలో ఉంటుంది. ఫ్రంట్, అంటే వేడిగాలీ చల్లగాలీ కలిసే సరిహద్దు, దాటేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, మబ్బు చీలి వెలుతురు వస్తుంది, రెండు రోజులుగా టెంట్‌లో మగ్గినవాడికి ప్రాణం లేచొస్తుంది. గంటో రెండు గంటలో గడిచాక పశ్చిమం నుంచో వాయువ్యం నుంచో ఇంకోవైపు గాలి దూసుకొస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నాడు విశాఖలో ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తుఫాను కన్ను ఊరిమీదుగా పోతుంటే గాలి ఆగింది, మా అపార్ట్‌మెంట్ వాళ్ళు కిందికి దిగి పడిపోయిన చెట్లు చూస్తున్నారు, ఒకాయన స్కూటర్ ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. అంతలో రెండో వైపునుంచి మొదలైంది. దానికీ దీనికీ పుట్టుక వేరు, బలం వేరు. కానీ 'గాలి ఆగింది' అనే మాటకి 'అయిపోయింది' అని అర్థం చెప్పుకోకూడదని నాకు ఆ రోజే ఎముకల్లోకి ఎక్కింది.

దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఎత్తు చూపించే వాచీ చాలు. అది గాలి పీడనాన్ని కొలిచి ఎత్తు చెప్తుంది. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే మీరు దాదాపు 8 మీటర్లు పైకెక్కారని అనుకుంటుంది. ఫ్యూరీ కోవ్‌లో ఒక రాత్రి పడుకునేముందు నా వాచీ 6 మీటర్లు చూపించింది. తెల్లవారుజామున టార్చ్ వేసి చూస్తే 78. టెంట్ ఎక్కడిదక్కడే ఉంది, బయట ఆకు కూడా కదలట్లేదు, కానీ వాచీ లెక్కలో నేను రాత్రికి రాత్రి ఇరవై అంతస్తులు ఎక్కాను. తొమ్మిది హెక్టోపాస్కల్స్ పడిందన్నమాట. మళ్ళీ దుప్పటి కప్పుకున్నాను. తొమ్మిదింటికి చెట్లు ఊగడం మొదలైంది.

రేడియో వినడం కూడా నేర్చుకోవాల్సిన పనే. కెనడా వాతావరణ శాఖ సముద్ర సూచన రోజుకి నాలుగుసార్లు వస్తుంది, పొద్దుటిది నాలుగింటికి. వీహెచ్ఎఫ్ వాతావరణ చానల్లో తిరిగి తిరిగి చదువుతూనే ఉంటారు. మీకు కావలసిన భాగం 'సెంట్రల్ కోస్ట్, మెకిన్నిస్ ఐలాండ్ నుంచి పైన్ ఐలాండ్ దాకా'. 20 నుంచి 33 నాట్స్ అయితే బలమైన గాలి హెచ్చరిక, 34 నుంచి 47 అయితే గేల్, 48 దాటితే స్టార్మ్. హెచ్చరిక లేదంటే మీకు మంచిదని కాదు, ఆ అంకెలు పెద్ద పడవల్ని కూడా దృష్టిలో పెట్టుకున్నవి. 15 నుంచి 25 అంటే మీకు 25. నాకు ఈ ముక్క ఒక ప్యాడిల్ ఖరీదు పడింది.

సూచన కన్నా నేను ఎక్కువ నమ్మేది దాని తర్వాత చదివే లైట్‌హౌస్ రిపోర్టుల్ని. ఈ తీరంలో ఇంకా మనుషులుండే లైట్‌హౌస్‌లు ఉన్నాయి. మబ్బు, ఎన్ని మైళ్ళు కనిపిస్తోంది, గాలి ఎటు ఎంత, అల ఎన్ని అడుగులు, స్వెల్ ఎలా ఉంది అని ఆ మనిషి కిటికీలోంచి చూసి చెప్పిందే చదువుతారు. ఎగ్ ఐలాండ్ వాళ్ళు తెల్లారకముందే 'వాయువ్యం 18' అన్నారంటే మధ్యాహ్నం సంగతి ఇక అడగక్కర్లేదు. సూచన జోస్యం, ఇది సాక్ష్యం.

స్వెల్ అన్నాను కదా. గాలి ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల లేపిన పొడవాటి అల అది, ఇక్కడ గాలి లేకపోయినా వస్తుంది. ఇక్కడి గాలి ఆగాక కూడా సముద్రం సర్దుకోవడానికి సగం రోజో, ఒక రోజో పడుతుంది. లోతు నీళ్ళలో మెల్లగా ఎత్తి దించుతుంది, భయమేం ఉండదు. బీచ్ దగ్గర అదే అల విరిగి పడుతుంది. రెండు అలల మధ్య 8 సెకన్లుంటే ఒకలా, 14 సెకన్లుంటే ఒకలా. 14 అంటే వెనక చాలా బలముందని. అందుకే బయల్దేరే ముందు 'వెళ్ళగలనా' అని కాదు, 'అవతల దిగగలనా' అని అడుక్కోవాలి.

ఇప్పుడు నేను చేసేది ఇది. యాత్ర మొదలవకముందే, ఇంట్లో సోఫాలో కూర్చుని, బుర్ర చల్లగా ఉన్నప్పుడు హద్దులు రాసి కయాక్ డెక్ మీద టేప్ అంటిస్తాను. నా టేప్ మీద మూడే లైన్లుంటాయి: పెద్ద అంకె 15 దాటితే కొమ్ము తిరగను. పాటుకి చానల్ నోరు దాటను. ఐదున్నరకి బయల్దేరకపోతే ఆ రోజు బయల్దేరను. మీ అంకెలు వేరే ఉండొచ్చు, రోల్ (బోర్లా పడ్డ కయాక్‌ని లోపల కూర్చునే తిరిగి లేపడం) గ్యారంటీగా రాకపోతే 12 రాసుకోండి. ముఖ్యమైంది ఏంటంటే స్కల్ కోవ్‌లో ఐదో రోజున్న మనిషికి ఆ అంకె మార్చే అధికారం ఉండకూడదు. నిర్ణయం రోజుకి ఒక్కసారే. నాలుగింటికి రేడియో విని, కొమ్ము మీదికి నడిచి వెళ్ళి బైనాక్యులర్స్‌తో చూసి, అవును కాదు తేల్చేసి, కాదు అయితే వెనక్కొచ్చి నిజంగా నిద్రపోవాలి. అరగంటకోసారి వెళ్ళి చూసేవాడు ఏదో ఒక అరగంటకి అబద్ధం నమ్మేస్తాడు.

చూడటంలో ఒక కిటుకు. టెంట్ దగ్గర్నుంచి చూడకండి, మీరు దాక్కున్న చోటు కాబట్టే అక్కడ ప్రశాంతంగా ఉంటుంది. బయటి సముద్రం కనిపించేదాకా నడవండి. దగ్గరి నీళ్ళు కాదు, దూరంగా ఆకాశం కలిసే గీత చూడండి. సన్నగా గీసినట్టుంటే మంచిది. రంపపు పళ్ళలా గరుకుగా ఉంటే అక్కడ అలలు మీ తల కన్నా ఎత్తున్నాయి. కయాక్‌లో కూర్చుంటే మీ కళ్ళు నీటికి ఒక మీటరు ఎత్తు కూడా ఉండవని గుర్తుంచుకోండి.

సరే, వెళ్ళట్లేదు. ఇప్పుడు ఆ రోజుతో ఏం చెయ్యాలి?

పెదజాలారిపేటలో వేటకి పోని రోజు ఎవరూ సముద్రం వైపు నోరెళ్ళబెట్టి కూర్చోగా నేను చూడలేదు. వలలు పరుచుకుని చిరుగులు కుట్టుకునేవాళ్ళు. నేనూ అదే పట్టుకున్నాను. ఆగిన రోజు పనిరోజు. హాచ్ రబ్బర్లు తుడవడం, స్కెగ్ ఇసుక కడగడం, డ్రై సూట్ జిప్‌కి మైనం రాయడం, అరచేతుల బొబ్బలకి టేప్ మార్చడం. మణికట్టు వాపు ఉంటే ఆ రోజు దేవుడిచ్చిన సెలవే, నాలుగైదు రోజులు వరసగా తెడ్డు వేశాక మణికట్టు నరాలు కిర్రుమంటాయి. అవి తగ్గేది విశ్రాంతితోనే. బట్టల గురించి మాత్రం ఎవరూ చెప్పరు, వినండి. ఉప్పు పట్టిన బట్ట ఎంత గాలికి ఆరేసినా ఆరదు, ఉప్పు గాలిలోని తడిని లాక్కుంటూనే ఉంటుంది. వాన పడుతుంటే దాన్ని శాపం అనుకోకుండా వాన పడకుండా పైన కట్టుకునే టార్ప్ కొస నుంచి కారే ధార కింద లోపలి బట్టలు పెట్టి ఉప్పంతా పోయేదాకా పిండండి. తర్వాత ఒంటి మీదే ఆరతాయి. నా రెండో యాత్రకీ మూడో యాత్రకీ మధ్య హాయిలో తేడా అంతా ఈ ఒక్క పనిదే అంటాను.

టార్ప్ అంటే గుర్తొచ్చింది. మీ జాబితాలో లేదు. టెంట్ కన్నా ముందు అది కొనండి, మూడు మీటర్లకి మూడు మీటర్లు, సన్నటి తాళ్ళు పాతిక మీటర్లు. గాలి వచ్చేవైపు నేలకి ఆనించి, ఇవతలి వైపు కూర్చునే ఎత్తులో కట్టండి. మూడు రోజులు టెంట్‌లో పడుకుంటే నడుం పట్టేస్తుంది, మనసు అంతకన్నా ముందు పట్టేస్తుంది. టార్ప్ కింద కూర్చుని సముద్రం చూస్తూ వండుకునేవాడు వారమైనా ఉండగలడు. కట్టేముందు తలెత్తి చూడండి, ఎండిపోయిన మాను గానీ వేలాడే కొమ్మ గానీ ఉంటే ఇంకోచోటు వెతుక్కోండి.

చోటు విషయంలో ఇంకో మెలిక. విశాఖలో పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటర్లు. ప్రిన్స్ రూపర్ట్ దగ్గర 7 మీటర్ల దాకా ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెరుగుతుందని మనకి తెలుసు, కానీ అష్టమి నాడు వేసిన టెంట్‌లో గాలి వల్ల ఆరు రోజులు ఉండిపోతే ఏమవుతుందో ఆలోచించం. మొదటి రోజు నీళ్ళు ఎక్కడో ఉంటాయి, ఆరో రోజు రాత్రి ఒంటిగంటకి పరుపు కింద చల్లగా తగుల్తుంది. ఈ తీరంలో వేసవిలో పెద్ద పోటు వచ్చేది ఎక్కువగా రాత్రిపూటే. దిగినరోజే పోటు పట్టిక తీసి వారం ముందుకి చూసి, అందులోని పెద్ద అంకెకి టెంట్ వేయండి. కయాక్‌ని చెట్టుకి కట్టండి. ఒంటరిగా ఉన్నప్పుడు కయాక్ కొట్టుకుపోవడం కన్నా పెద్ద ఆపద ఇంకోటి లేదు.

తిండి. ఆగే రోజులకి విడిగా ఒక సంచీ, వారానికి సరిపడా, వేరే రంగుది. తెడ్డు వేసే రోజుల తిండిలోంచి తియ్యొద్దు. నా సంచీలో అటుకులు, కందిపొడి, వేయించిన ఉప్మా రవ్వ, చిన్న సీసాలో నెయ్యి, గోంగూర పచ్చడి ఉంటాయి. కదలని రోజు ఆకలి తక్కువ, కానీ చలికి వేడిది తినాలి, రెండు పూటలా వండుతారు, టీలు ఎక్కువ తాగుతారు. గ్యాస్ అనుకున్నదానికి రెట్టింపు అవుతుంది. అందరూ బియ్యం లెక్కేస్తారు, గ్యాస్ లెక్కెయ్యరు. పొద్దుపోక రాళ్ళకంటుకున్న ఆల్చిప్పలు ఏరుకుని వండుకుందామని బుద్ధి పుడుతుంది. వద్దు. సముద్రంలో విషపు నాచు పెరిగినప్పుడు చిప్పల్లో చేరే 'ఎర్ర పోటు' విషం అందులో ఉంటే ఉడికించినా పోదు, పక్షవాతంలా ఊపిరి ఆపేస్తుంది, ఆస్పత్రి దగ్గర్లో ఉండదు. ఇంగువ, నెయ్యి వాసనలకి ఎలుగుబంట్లు మనకన్నా ముందొస్తాయి, కాబట్టి వంట టెంట్‌కి దూరంగా, సంచీ గట్టి డబ్బాలో. ఇంకోటి: తెల్లటి గవ్వపొడి బీచ్‌లు కనిపిస్తాయి, అందంగా ఉంటాయి. అవి అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళుగా తిని వేసిన చిప్పల గుట్టలు. ఊరికే కూర్చున్నాం కదా అని తవ్వకండి. బెల్లా బెల్లా హైల్ట్‌సుక్ ప్రజల ఊరు, ఆ చుట్టుపక్కల ఎక్కడ దిగొచ్చో ముందే వాళ్ళ ఆఫీసుకి రాసి అడగండి, చెప్తారు.

మనసు గురించి అడగలేదు మీరు, కానీ అదే అసలు. నాకు మొదటి రోజు హాయి. రెండో రోజు నిద్ర. మూడో రోజు చిరాకు, ప్రతి చిన్నదానికీ తిట్టుకోవడం. నాలుగో రోజు ప్రమాదం, ఎందుకంటే ఆ రోజు గాలి తగ్గినట్టు అనిపిస్తుంది, తగ్గకపోయినా. ఆ రోజుకి ఏదో ఒకటి దాచిపెట్టుకోండి. నేను పాత వారపత్రికల గళ్ళనుడికట్లు కత్తిరించి కవర్లో పెట్టుకుంటాను, నాలుగో రోజు దాకా ముట్టుకోను. ఎండాకాలంలో అమ్మమ్మ ఇంట్లో మధ్యాహ్నాలు ఎలా గడిచాయో అలా గడుస్తుంది. ఒకటి నిలువు రాక రెండు గంటలు పోతాయి, గాలి సంగతి మర్చిపోతాం.

ఇంటివాళ్ళని కూడా తయారు చెయ్యాలి. ఇన్‌రీచ్ పెట్టుకుంటే వాళ్ళకి మ్యాప్ మీద మీ చుక్క కనిపిస్తుంది. మొదటి యాత్రలో చుక్క మూడు రోజులు ఒకేచోట ఉండేసరికి విశాఖలో మా అమ్మ అన్నం మానేసింది, మా మావయ్య కోస్ట్‌గార్డ్ నంబరు వెతికాడు. 'ఏరా, చుక్క కదలట్లేదేంట్రా' అని మెసేజ్. నేను టార్ప్ కింద ఉప్మా తింటున్నాను. తర్వాతిసారి బయల్దేరేముందు కూర్చోబెట్టి చెప్పాను: అమ్మా, చుక్క ఒడ్డున కదలకుండా ఉందంటే నేను పొడిగా ఉన్నానని, తింటున్నానని. మధ్యాహ్నం పూట నీళ్ళ మధ్యలో కదులుతుంటే అప్పుడు కంగారు పడు. ఇప్పుడు చుక్క పొద్దున్నే కదిలితే ఆవిడే మెసేజ్ పెడుతుంది, 'గాలి చూసుకున్నావా' అని. ఫలానా తేదీకి వస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకండి. ఫలానా తేదీ దాకా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసివ్వండి. అది వేరు, ఇది వేరు.

ఎక్కువ రోజులు ఆగడం మనలాంటి మామూలువాళ్ళ చేతకానితనం అనుకునేవాళ్ళకి ఒక ముక్క. ఆస్కర్ స్పెక్ అనే జర్మన్ 1932లో మడత కయాక్‌లో బయల్దేరి 1939లో ఆస్ట్రేలియా వైపు చేరాడు. మధ్యలో మన దేశపు తీరం వెంబడే వెళ్ళాడు. ఏడేళ్ళు. అందులో ఎన్ని రోజులు గట్టున గడిచి ఉంటాయో ఊహించుకోండి. పాల్ కాఫిన్‌కి 1981-82లో కయాక్‌లో ఆస్ట్రేలియా చుట్టూ తిరగడానికి 360 రోజులు పట్టింది, 2009లో ఫ్రేయా హాఫ్‌మైస్టర్‌కి 332. మొత్తం రోజులే లెక్కలోకి వస్తాయి, ఒడ్డున కూర్చున్నవి ఎవరూ తీసెయ్యరు.

ఇక మీ 21 రోజులు. టికెట్ తేదీ మార్చుకోవడానికి ఎంతవుతుందో ఈ వారమే కనుక్కోండి. మార్చుకోలేనిదైతే ప్రిన్స్ రూపర్ట్ మర్చిపోయి బెల్లా బెల్లా దాకా పెట్టుకోండి. దూరం సగం కన్నా తక్కువే, కేప్ కాషన్ ఎలాగూ అందులోనే ఉంది, గాలికి వారం పైనే మిగుల్తుంది. ఫెర్రీ అక్కడ ఆగుతుంది, కయాక్‌ని కూడా ఎక్కించుకుంటుంది. వేసవి టైమ్‌టేబుల్ మాత్రం ముందే చూసుకోండి, రోజూ ఉండదు. పోర్ట్ హార్డీ నుంచి స్కల్ కోవ్ దాకా మీరు ఏ ద్వీపాల మీదుగా దాటాలనుకుంటున్నారో గీసి పంపితే, మధ్యలో ఎక్కడెక్కడ తలదాచుకోవచ్చో గుర్తులు పెట్టి ఇస్తాను.